పాపను ఫ్రాన్స్‌లో ఫ్రెంచి సమ్మర్ క్యాంప్‌కు పంపొచ్చా? పంపినవాళ్ళు జర చెప్పండి

మిర్యాలగూడ నాన్న:

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ. నేను రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. మా ఆవిడ ఇంట్లోనే టైలరింగ్ చేస్తుంది. మాకు ఒక్కతే పాప, పదమూడేళ్ళు, ఈ జూన్‌లో ఎనిమిదో తరగతికి వస్తుంది. స్కూల్లో ఆరో తరగతి నుంచి మూడో భాషగా ఫ్రెంచి చదువుతోంది. మార్కులు మంచిగానే వస్తాయి. ఇంట్లో కూడా ఏదో ఒకటి పాడుకుంటూ, ఫోన్‌లో ఫ్రెంచి కార్టూన్లు చూస్తూ ఉంటుంది.

పోయిన నెల హైదరాబాద్ నుంచి ఒక ఏజెన్సీవాళ్ళు స్కూలుకు వచ్చి ప్రొజెక్టర్ పెట్టి చూపించారు. "పద్నాలుగు రోజుల ఫ్రెంచి ఇమ్మర్షన్ క్యాంప్" అట, అంటే పిల్లల్ని రోజంతా ఫ్రెంచిలోనే ముంచి ఉంచుతారట. మే నెలలో తీసుకెళ్తారు. ప్యారిస్‌లో నాలుగు రాత్రులు, ఇంకో రెండు ఊళ్ళు, చివర స్విట్జర్లాండ్‌లో మంచు. మనిషికి మూడు లక్షల తొంభై వేలు. ఇరవయ్యో తారీఖులోపు యాభై వేలు అడ్వాన్స్ కడితే సీటు ఖాయం అన్నారు. పాప ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. అడగదు, కానీ ఆ కరపత్రం పుస్తకంలో పెట్టుకుని తిరుగుతోంది.

నా దగ్గర అంత డబ్బు లేదు. చిట్టీ ఎత్తితే రెండు లక్షలు వస్తాయి, మిగతాది మా బావమరిది సర్దుతానన్నాడు. మా అమ్మ మాత్రం "ఆడపిల్లను దేశం కాని దేశం ఎట్ల పంపుతవురా" అని రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

నేను అడిగేది ఒక్కటే. పద్నాలుగు రోజులకు ఫ్రెంచి నిజంగా వస్తుందా? పిల్ల అక్కడ క్షేమంగా ఉంటుందా? పంపి చూసినవాళ్ళు ఉంటే దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి. పాపకు ఇంకా పాస్‌పోర్టు కూడా లేదు.

పాలమూరు ఫ్రెంచి సార్:

అన్నా, నమస్తే. నేను మహబూబ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫ్రెంచి చెప్తాను. మొదట చెప్పేది, ఆ యాభై వేలు ఇప్పుడే కట్టకండి.

స్కూల్లో వచ్చే మార్కులు చూసి పాపకు ఫ్రెంచి వచ్చని లెక్క వేయొద్దు. నేను చెప్పే ఇంటర్‌లో కూడా అంతే. మన దగ్గర సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచి తీసుకునే పిల్లల్లో చాలామంది మార్కుల కోసమే తీసుకుంటారు. వందకు తొంభై తొమ్మిది తెచ్చుకున్న పిల్లవాడిని "నిన్న సాయంత్రం ఏం చేశావు" అని ఫ్రెంచిలో అడిగితే నా మొహం చూస్తాడు. తప్పు పిల్లవాడిది కాదు. రాయడమే నేర్పాం, వినడం నేర్పలేదు.

పాప స్థాయి ఎంతో తెలుసుకోవాలంటే డెల్ఫ్ జూనియర్ పరీక్ష ఉంది. కింది నుంచి ఎ1, ఎ2, బి1, బి2 అని నాలుగు మెట్లు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానికి ఇరవై ఐదు మార్కులు. మొత్తం మీద యాభై రావాలి, ఏ ఒక్క దాంట్లోనూ ఐదుకు తగ్గకూడదు. పాసైతే ఆ సర్టిఫికెట్‌కు గడువు ఉండదు. ఫ్రెంచి నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్ హైదరాబాద్‌లో ఉంది, అక్కడ రాయొచ్చు, తరగతులు కూడా అక్కడే ఉంటాయి. కనీసం ఎ1 అయి ఎ2 సగం దాకా వచ్చిన పిల్లకు రెండు వారాలు అక్కడ ఉంటే పనికొస్తుంది. అక్షరాలు, అంకెల దగ్గర ఉన్న పిల్లకు అదే పాఠం ఇక్కడ పదో వంతు ఖర్చుతో అయిపోతుంది.

ఈలోపు రోజూ పది నిమిషాలు వినిపించండి. ఫ్రాన్స్ ప్రభుత్వ రేడియో ఆర్ఎఫ్ఐ వాళ్ళు నేర్చుకునేవాళ్ళ కోసం సులువైన ఫ్రెంచిలో వార్తలు ఇస్తారు. టీవీ5 మోంద్ వాళ్ళ పాఠాలు కూడా ఉచితం. మొదటి నెల ఏమీ అర్థం కాదు, అయినా వినాలి.

కొందరు పాండిచ్చేరి పంపుతామంటారు. అక్కడ అలియాన్స్ 1889 నుంచి ఉంది, ఫ్రెంచి లీసే అనే బడి 1826 నాటిది. నేను రెండుసార్లు వెళ్ళాను. తరగతి మంచిగుంటుంది కానీ, గేటు దాటితే వీధంతా తమిళమే. ఫ్రెంచి ఇంకా ఇంట్లో మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. తెలిసినవాళ్ళుంటే అలాంటి ఇంట్లో పది రోజులు ఉంచడం మేలు.

నల్లగొండ టీచరమ్మ:

తమ్ముడూ, మీ ప్రశ్న పొద్దున చదివాను. బడి నుంచి వచ్చాక తీరిగ్గా రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోకండి. రెండేళ్ళ కింద మాదీ ఇదే పరిస్థితి. మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్ళు.

ముందు మీ కరపత్రం సంగతి. మే నెల అన్నారు కదా. ఫ్రాన్స్‌లో బడులకు వేసవి సెలవులు జూలై మొదట్లో మొదలై ఆగస్టు చివరి దాకా ఉంటాయి. మే నెలలో అక్కడి పిల్లలు బడికి పోతుంటారు. మరి మీ పాప ఫ్రెంచి ఎవరితో మాట్లాడాలి? బస్సులో పక్క సీట్లో కూచున్న హైదరాబాద్ అమ్మాయితో తెలుగులో మాట్లాడుతుంది. పద్నాలుగు రోజుల్లో మూడు నాలుగు ఊళ్ళు తిప్పుతున్నారంటే రెండు మూడు రోజులకోసారి పెట్టె సర్దుకోవడమే. అది టూర్. టూర్‌కు పోవడం తప్పు కాదు, కానీ భాష పేరు చెప్పి నాలుగు లక్షలు తీసుకోవడం నాకు నచ్చలేదు.

మాకు మొదట దొరికినవాళ్ళు కూడా అట్లాంటివాళ్ళే. ఇరవై వేలు అడ్వాన్స్ కట్టాం. గదిలో ఎందరుంటారు, వాళ్ళ భాష ఏమిటి, రోజుకు ఎన్ని గంటలు క్లాసు అని మూడుసార్లు ఫోన్ చేసి అడిగాను. మూడుసార్లూ "మేడమ్, అంతా మేం చూసుకుంటాం" అనే జవాబే. మానుకున్నాం. ఆ ఇరవై వేలు తిరిగి రాలేదు. ఇప్పటికీ యాదికొస్తే కడుపు మండుతుంది.

తర్వాత ఒక ఏడాది ఆగాం. ఆ ఏడాదిలో మా అమ్మాయి శని, ఆదివారాలు ఆన్‌లైన్ క్లాసులు విని ఎ1 రాసి, ఎ2 సగం చదివింది. వాళ్ళ ఫ్రెంచి మేడమ్ ఆరుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని జూలై మొదటి రెండు వారాలు విషీ అనే ఊరికి తీసుకెళ్ళింది. ప్యారిస్‌లో బేర్సీ స్టేషన్ నుంచి రైల్లో మూడు గంటలు. చిన్న ఊరు, వేడి నీటి ఊటలకు పేరు. 2021లో యునెస్కో యూరప్‌లోని కొన్ని ఊట ఊళ్ళను వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇదీ అందులో ఉంది. విదేశీయులకు ఫ్రెంచి నేర్పే కావిలాం అనే పెద్ద కేంద్రం 1964 నుంచి ఆ ఊళ్ళోనే ఉంది, వేసవిలో పిల్లలకూ పెడతారు. అట్లా భాష నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ఆ ఊరికి కొత్త కాదు. దుకాణాల్లో నిదానంగా మాట్లాడతారట. మీరు వెతికేటప్పుడు ప్యారిస్ కాకుండా ఇలాంటి చిన్న ఊళ్ళు చూడండి.

జూలై అంటే మన బడులు తెరిచి మూడు వారాలు అయిపోతాయి. తెలంగాణలో జూన్ 12కే బడి. ముందే హెడ్‌మాస్టర్‌ను కలిసి రాసిచ్చి సెలవు తీసుకోవాలి. పదో తరగతిలో అయితే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నా పిల్లకే టెన్షన్. తొమ్మిదిలోనే కుదరాలి. మీకు ఇంకా సమయం ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్రాన్స్‌కు పోయినంత మాత్రాన పిల్ల ఫ్రెంచిలో మునగదు. విదేశీ పిల్లల కోసం నడిపే క్యాంపుల్లో ఫ్రెంచి పిల్లలు దాదాపు ఉండరు. అన్ని దేశాల నుంచి వచ్చిన పిల్లలు ఉంటారు, వాళ్ళందరికీ కలిసే భాష ఇంగ్లిష్. క్లాసు నాలుగు గంటలు ఫ్రెంచి, ఆ తర్వాత ఆటల్లో ఇంగ్లిష్, గదిలో మన పిల్లలుంటే తెలుగు.

మా అమ్మాయికి అదే జరిగింది. పాపం అక్కడివాళ్ళు మంచి మనసుతోనే, ఇండియా పిల్లలు బెంగపడకుండా ఉంటారని ముగ్గురు తెలుగు పిల్లల్ని ఒకే గదిలో పెట్టారు. పిల్లల ఫోన్లన్నీ క్యాంపువాళ్ళు ఒక దగ్గర పెట్టించుకుని సాయంత్రం ఆరున్నరకు ఇచ్చేవాళ్ళు. అది మనకు రాత్రి పది. ఎండాకాలంలో వాళ్ళకూ మనకూ మూడున్నర గంటలు తేడా. మా అత్తమ్మ రోజూ ఆ ఫోన్ కోసం పది దాకా కూచునేది. నాలుగో రోజు మా అమ్మాయి అన్న మాట ఇది: "అమ్మా, ఇక్కడ కూడా నల్లగొండలో ఉన్నట్టే ఉంది."

నేను వెంటనే వాళ్ళ మేడమ్‌కు ఫోన్ చేస్తానన్నాను. వద్దంది. తానే అడుగుతానంది. నోటుబుక్కులో కాగితం చింపి ఒక వాక్యం రాసుకుంది: "జ్ వుద్రే షాంజే ద్ షాంబ్ర్." గది మారాలనుకుంటున్నాను అని. పది సార్లు చదువుకుని, హాస్టల్ చూసుకునే ఆవిడ దగ్గరికి పోయి చెప్పింది. ఆవిడ ఇంకేదో అడిగింది. అందులో ఒక మాట మా పిల్లకు అర్థం కాలేదు. ఆవిడ రెండు పిడికిళ్ళు ఒకదానికొకటి తాకించి చూపిస్తే తెలిసింది, "పోట్లాడుకున్నారా" అని అడుగుతోందని. కాగితం మీద దానికి జవాబు లేదు. ఏం చెప్పిందంటే, "నో, సే మే జమీ. జ్ పార్ల్ త్రో తెలుగు." లేదు, వాళ్ళు నా స్నేహితులే, నేను తెలుగు ఎక్కువ మాట్లాడుతున్నాను. ఆ రాత్రే గది మార్చారు.

తమ్ముడూ, మూడు లక్షల అరవై వేలు పోసి పంపితే, అందులో నా లెక్కకు ఈ ఒక్క మాటకే సగం డబ్బులు వచ్చాయి. ఎందుకంటే అది ఎవరూ రాసిచ్చింది కాదు.

కొత్త గదిలో ఒక స్పెయిన్ పిల్ల, ఒక జర్మనీ పిల్ల. స్పెయిన్ పిల్లకు ఇంగ్లిష్ సరిగ్గా రాదు. అదే మా అదృష్టం అయింది. ఇద్దరూ వచ్చీరాని ఫ్రెంచిలోనే సబ్బు అడుక్కోవాలి, కిటికీ మూయమనాలి. మొదట్లో మా అమ్మాయి ఆ పిల్లను కూడా "వూ" అని మీరు పెట్టి పిలిచిందట. అందరూ నవ్వారట. "త్యూ" అంటే నువ్వు, "వూ" అంటే మీరు, ఇంగ్లిష్‌లో లేని ఈ తేడా మన పిల్లలకు పుట్టుకతో తెలుసు కాబట్టి ఆ పాఠం తేలిక. కానీ క్యాంపులో ఆటలు ఆడించే అన్నలు, అక్కలు తమను "త్యూ" అనే పిలవమంటారు. అది మాత్రం చివరి రోజు దాకా మా పిల్లకు నోరు రాలేదు.

తిండి గురించి అందరూ అడుగుతారు. మూడో రోజు ఏడ్చింది. బెంగే కారణం అనుకున్నాం, కానీ ఆ రోజు మధ్యాహ్నం వాళ్ళు అన్నం పెట్టారట. అన్నం అని సంబరంగా పోతే, చల్లటి అన్నంలో మక్క గింజలు, టమాటా, చేప ముక్కలు కలిపి సలాడ్‌లా ఉంది. బువ్వ చల్లగా పెడితే మన పిల్లల ప్రాణం ఉసూరుమంటుంది కదా. మర్నాటి నుంచి రొట్టె, గుడ్డు, పండ్లతో సర్దుకుంది. పుట్నాల పొడి, ఆవకాయ చిన్న డబ్బాలో పంపాను, రొట్టె మీద ఆవకాయ స్పెయిన్ పిల్ల కూడా తిన్నదట. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు పంపొద్దు, బయటి దేశాల నుంచి పాల వస్తువులు, మాంసం తేవడాన్ని యూరప్‌లో నిషేధించారు. గొడ్డు మాంసం, పంది మాంసం తినని పిల్లయితే ఆ రెండు మాటలు, "బఫ్", "పోర్", ముందే నేర్పి పంపండి. దరఖాస్తులో కూడా రాయండి.

ఇంకొకటి చెప్పాలి. ఇది మీ ప్రశ్నకు సూటిగా జవాబు కాకపోవచ్చు, కానీ నాకు ఆ రెండు వారాల్లో ఇదే గుర్తుండిపోయింది.

మా అత్తగారిది మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి అత్తమ్మకు యాభై నిండకముందే మోకాళ్ళు వంగిపోయాయి. పళ్ళు గోధుమరంగు. మా ఇంట్లో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు అనే లెక్క తెలియని మనిషి లేదు. విషీలో భూమిలోంచి వచ్చే ఊట నీళ్ళను సీసాల్లో నింపి అమ్ముతారు. ఒకరోజు దుకాణంలో మా అమ్మాయి ఒక నీళ్ళ సీసా తీసి వెనక చిన్న అక్షరాలు చదువుతుంటే "ఫ్లుయోర్" అనే మాట కనిపించింది. దాని పక్కన 1.5 అనే అంకె. అంతకంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉంది, ఏడేళ్ళలోపు పిల్లలు రోజూ తాగడానికి తగదు అని రాసి ఉంది. యూరప్‌లో ఆ మోతాదు దాటితే సీసా మీద అలా రాయడం తప్పనిసరి. ఎవరూ చెప్పకుండా, డిక్షనరీ చూడకుండా ఆ వాక్యం మొత్తం దానికి అర్థమైంది. ఆ రాత్రి ఫోన్‌లో నాతో మాట్లాడలేదు, "నాయనమ్మకు ఇయ్యి" అంది. ఇక్కడి నీళ్ళల్ల కూడా అదే ఉందట నాయనమ్మా, కానీ సీసా మీద రాస్తారట అని చెప్పింది. అత్తమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "మాకు బావి మీద ఎవరు రాసిండ్రు బిడ్డా" అంది.

రెండో వారంలో క్లాసులో ఒక్కొక్కరు మూడు నిమిషాలు తమ ఊరి గురించి చెప్పాలి. మిగతా మన పిల్లలు చార్మినార్, బిర్యానీ అని చెప్పారు. మా అమ్మాయి నల్లగొండ నీళ్ళ గురించి చెప్పింది. నాయనమ్మ మోకాళ్ళ గురించి చెప్పింది. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు, నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటారు అని చెప్పింది. సున్నానికి ఫ్రెంచి మాట తెలియక తెల్లగా గోడకు పూసేది అని చేతులతో చూపిస్తే టీచర్ "షో" అని అందించిందట. ఆ మాట అది ఇక జన్మలో మరిచిపోదు. వ్యాకరణంలో ఎన్ని తప్పులు పోయాయో తెలియదు, కానీ ఆ గదిలో అందరూ విన్నారు.

క్షేమం సంగతి. ఫ్రాన్స్‌లో మైనర్ పిల్లలను సెలవుల్లో రాత్రులు ఉంచుకునే క్యాంపులు ప్రభుత్వానికి ముందే తెలియజేసి నమోదు కావాలి. ఆరేళ్ళు దాటిన పిల్లలకైతే పన్నెండు మందికి ఒక యానిమేటర్, అంటే పిల్లల్ని ఆడించి చూసుకునే మనిషి, ఉండాలి. వాళ్ళలో చాలామందికి బాఫా అనే శిక్షణ సర్టిఫికెట్ ఉంటుంది. మీరు మొహమాటపడకుండా ఆ నమోదు నంబరు అడగండి. నిజమైన క్యాంప్ అయితే వెంటనే ఇస్తారు. మాకు ఆరోగ్య పత్రం ఒకటి పంపి డిఫ్తీరియా, ధనుర్వాతం, పోలియో టీకాల వివరాలు అడిగారు. పిల్ల పుట్టినప్పటి టీకాల కార్డు బీరువా అడుగున దొరికింది కాబట్టి సరిపోయింది. మీరు ఇప్పుడే వెతికి పెట్టుకోండి. అక్కడ ఏ ఆపదకైనా 112 నంబరు. అది పాపకు కంఠతా రావాలి.

ఫ్రెంచి వస్తుందా అని అడిగారు. రెండు వారాలకు రాదు. మా పిల్లకు వచ్చింది ధైర్యం, చెవి. ముక్కుతో పలికే శబ్దాలు ఇక్కడ ఏడాది చెప్పించినా పట్టుబడలేదు, అక్కడ ఆరు రోజులకు పట్టుబడ్డాయి. వచ్చాక ఎ2 పాసైంది.

డబ్బు గురించి ఒక అక్కగా చెప్తున్నాను. మేం నా గాజులు బ్యాంకులో పెట్టి పంపాం. ఇంట్లో రెండు జీతాలున్నాయి కాబట్టి ఏడాదిలో విడిపించుకున్నాం. మీరు చిట్టీ ఎత్తి, బావమరిది దగ్గర చేబదులు తీసుకుని ఈ మే నెల టూర్‌కు మాత్రం పంపొద్దు. పంపితే వచ్చే జూలైకి, ఎ1 అయ్యాక, పాప నోరు తెరిచి "నాన్నా నేను పోతా" అని అడిగాక పంపండి. కరపత్రం పుస్తకంలో పెట్టుకోవడం వేరు, పద్నాలుగు రాత్రులు అమ్మ లేకుండా పడుకుంటానని తెలిసి అడగడం వేరు.

వనపర్తి నుంచి:

టీచర్ మేడమ్ గారూ, చాలా వివరంగా రాశారు. నేను కాగితాల గురించి మాత్రం చెప్తాను, మా బాబుకు నేనే తిరిగాను.

పాస్‌పోర్టు కోసం హైదరాబాద్ పోనక్కర్లేదు, మేం మహబూబ్‌నగర్ పోస్టాఫీసులోని కేంద్రంలోనే చేయించాం. పదిహేనేళ్ళలోపు పిల్లలకు ఐదేళ్ళకే ఇస్తారు. అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. మన దగ్గర బర్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఉండదు, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, స్కూల్లో ఇంకోలా ఉంటుంది. కొందరికి బర్త్ సర్టిఫికెట్‌లో పిల్లల పేరే ఉండదు, మా బాబుకు అంతే. మున్సిపాలిటీలో పేరు ఎక్కించుకోవడానికే నెలన్నర పట్టింది. ముందు ఆ మూడూ ఒక్కలా ఉన్నాయో లేదో చూసుకోండి అన్నా.

వీసా అంటే షెంగెన్ వీసా, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే. దరఖాస్తు హైదరాబాద్ కేంద్రంలో తీసుకుంటారు, ఇచ్చేదీ ఇవ్వనిదీ ఫ్రెంచి అధికారులు. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకు 45. మీ పాపకు పదమూడు కాబట్టి పూర్తి ఫీజు, వేలిముద్రలు కూడా ఇవ్వాలి. కేంద్రం వాళ్ళ సర్వీసు చార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం పదిహేను రోజుల ముందు అని నిబంధన, కానీ వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకదు, ఏప్రిల్‌లోనే చూసుకోండి. 30,000 యూరోలకు తగ్గని ఇన్సూరెన్స్ కావాలి. అమ్మా నాన్నా ఇద్దరి సంతకాలతో నోటరీ చేసిన సమ్మతి పత్రం కావాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ అనువాదం జత చేయండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చివరి వారం ఒక్కసారే రెండు లక్షలు పడితే ఆ డబ్బు ఎక్కడిదని అనుమానం వస్తుంది. చిట్టీ డబ్బయితే దాని రసీదులు పెట్టుకోండి.

సూర్యాపేట ఆడబిడ్డ, ఇప్పుడు అమెరికా:

మాది సూర్యాపేట దగ్గర పల్లె, పన్నెండేళ్ళుగా మిన్నెసోటాలో ఉంటున్నాం. ఇక్కడ అడవిలో, చెరువు పక్కన లాక్ ద్యు బ్వా అనే ఫ్రెంచి క్యాంప్ ఉంది, కాంకార్డియా కాలేజీవాళ్ళు మొదలుపెట్టిన భాషా గ్రామాల్లో ఒకటి. మా బాబును పంపాను. పోగానే పిల్లలకు ఫ్రెంచి పేరు పెట్టుకోమంటారు, మిఠాయి కొనాలన్నా ఫ్రెంచిలోనే అడగాలి. దేశం ఫ్రాన్స్ కాదు, అయినా మా వాడు నాలుగో రోజుకు నిద్రలో ఫ్రెంచి పలవరించాడట. టీచరక్క చెప్పింది నిజం, ఏ దేశం అనే దానికన్నా చుట్టూ ఎవరున్నారన్నదే ముఖ్యం. మీ పాపను ఇంత దూరం పంపమని మాత్రం చెప్పను అన్నా. అక్కడ పాలమూరు సార్ లాంటివాళ్ళు వేసవిలో ఒక పది మంది పిల్లల్ని కూడగట్టి, రోజంతా ఫ్రెంచే మాట్లాడాలని పది రోజులు పెడితే ఎంత బాగుండు.

ఇంకో మాట. కెనడాలో క్విబెక్ చవక అని ఎవరైనా చెప్తే, అక్కడి పలుకు వేరని తెలుసుకుని పంపండి. ఫ్రాన్స్‌లో "దేజునే" అంటే మధ్యాహ్న భోజనం, క్విబెక్‌లో అదే పొద్దున టిఫిన్. తప్పేం లేదు, పిల్లకు ముందే చెప్పి పంపాలి అంతే.

పాలమూరు ఫ్రెంచి సార్:

చెల్లే, మంచి మాట చెప్పావు. పది రోజులు కాకపోయినా, ఈ మే నెలలో మా ఇంటి డాబా మీద పొద్దున ఏడు నుంచి పది దాకా పెట్టగలను. ఫీజు వద్దు, పిల్లలు మజ్జిగ తెచ్చుకుంటే చాలు. మిర్యాలగూడ నుంచి రోజూ రాలేరు కానీ, మహబూబ్‌నగర్‌లో చుట్టాలుంటే పంపండి అన్నా. అంకెలు డెబ్బై దాకా ఎవరైనా చెప్తారు. తొంభైని "కాత్ర్ వాఁ దిస్", నాలుగిరవైలూ పదీ అని ఎందుకంటారో మీ పాపకు చింతగింజలు పోసి చూపిస్తాను.

మిర్యాలగూడ నాన్న:

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి మీరు రాసినవన్నీ పాపకు, మా ఆవిడకు, మా అమ్మకు చదివి వినిపించాను. టీచరక్క రాసిన నీళ్ళ సీసా దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ రెండు రోజుల తర్వాత నోరు తెరిచింది. మా అమ్మమ్మగారిదీ చండూరు వైపే, ఆమెకూ అదే మోకాళ్ళ బాధ ఉండేదట. నాకే తెలియదు.

అడ్వాన్స్ కట్టడం లేదు. ఈ పొద్దున ఏజెన్సీకి ఫోన్ చేసి, గదిలో ఎవరుంటారని, నమోదు నంబరు ఏదని అడిగాను. "సార్, అవన్నీ బయల్దేరే ముందు చెప్తాం" అన్నారు. సరే అని పెట్టేశాను.

పాప కొంచెంసేపు ఏడ్చింది. తర్వాత తానే వచ్చి, "నాన్నా, వచ్చే జూలైకి నేను ఎ1 రాస్తే పంపుతావా" అని అడిగింది. పంపుతానన్నాను. చిట్టీ ఇంకా పద్నాలుగు నెలలుంది, అప్పటికి ఎత్తితే ఎక్కువ వస్తుంది. మహబూబ్‌నగర్‌లో మా చిన్నమ్మ ఉంది సార్, మే మొదటి వారంలో తీసుకొస్తాను. బర్త్ సర్టిఫికెట్ తీసి చూశాను, పాప పేరు ఉంది కానీ మా ఆవిడ పేరులో ఒక అక్షరం తప్పుంది. సోమవారం మున్సిపాలిటీకి పోతున్నాను.

టీచరక్కా, ఒక్క సాయం. మీ అమ్మాయి గది మార్చమని రాసుకున్న ఆ కాగితం ఇంకా ఉందా? ఉంటే మా పాప చూస్తానంటోంది.

నల్లగొండ టీచరమ్మ:

ఉంది తమ్ముడూ. నోటుబుక్కు అట్ట లోపల అంటించుకుంది. రెండు చోట్ల కొట్టివేతలు, ఒక చోట నూనె మరక, ఆవకాయదే. ఫొటో మీకు మెసేజ్‌లో పంపుతున్నాను. మా అమ్మాయి ఆదివారం పొద్దున పది గంటలకు మీ పాపకు ఫోన్ చేస్తానంది. మొదటి పావుగంట తెలుగులో, తర్వాత పావుగంట ఫ్రెంచిలోనే మాట్లాడాలట. ఇద్దరూ "త్యూ" అనుకోవాలని ముందే చెప్పమంది.